నివురు లేని నిప్పు

మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయన మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ బొగ్గుల మీద బూడిద కప్పి వెళ్తాడు. తిరిగొచ్చి విసనకర్రతో నాలుగుసార్లు విసిరితే మళ్లీ ఎర్రబడతాయి. ఆ నివురు గాలిని అడ్డుకుంటుంది కాబట్టే బొగ్గు మిగులుతుంది.

హైదరాబాద్ కంచన్‌బాగ్ రక్షణ ప్రయోగశాలల్లో దశాబ్దాలుగా నలుగుతున్న కార్బన్-కార్బన్ మిశ్రమ పదార్థానికి, అంటే కార్బన్ పీచును కార్బన్‌తోనే అతికించి చేసేదానికి, లేనిది ఆ నివురే. అల్యూమినియం ఆక్సిజన్‌తో కలిస్తే పైన పలచని పొర కట్టి లోపలి లోహాన్ని కాపాడుతుంది. కార్బన్ అయితే వాయువై ఎగిరిపోతుంది, పొరంటూ ఏమీ మిగలదు. గాలి తగలకపోతే 2,000 డిగ్రీల సెల్సియస్ దాటినా బలం తగ్గని ఈ పదార్థం, గాలిలో 500 డిగ్రీల దగ్గరే తరగడం మొదలుపెడుతుంది.

అసలిది పుట్టిందే గాలి అందక. 1958లో అమెరికాలోని ఛాన్స్ వాట్ కంపెనీ ల్యాబ్‌లో ఒక మిశ్రమంలో పీచు ఎంతుందో తేల్చడానికి, దాన్ని అతికించి ఉంచే జిగురును (రెసిన్‌ను) కాల్చేయబోయారు. పొరపాటున ఆక్సిజన్ చాలక, రెసిన్ కాలిపోకుండా కార్బన్‌గా మారి పీచుకు అతుక్కుపోయింది.

మరి నివురు ఎక్కడినుంచి తేవాలి? అమెరికా స్పేస్ షటిల్ ముక్కుకు, రెక్కల అంచులకు వాడిన కార్బన్ పైపొరను సిలికాన్ కార్బైడ్‌గా మార్చారు. వేడికి దానిమీద గాజులాంటి సిలికా పొర కడుతుంది. అరువు నివురన్నమాట. చిక్కేమిటంటే, చల్లారేటప్పుడు ఆ పూత లోపలి కార్బన్ కంటే ఎక్కువగా ముడుచుకుని బీటలు వారుతుంది. ఆ బీటల్లో మళ్లీ గాజు నింపారు. అయినా 1992లో కొలంబియా 12వ ప్రయాణం తర్వాత రెక్క అంచుల్లో సూదిబెజ్జాలు కనిపించాయి. ఆరా తీస్తే, ప్రయోగ వేదికకు వేసిన జింక్ రంగు వానకు కరిగి షటిల్ మీద పడిందని తేలింది. ఇంత తతంగం చేసి, చివరికి దెబ్బ కొట్టింది పెయింటు!

హైదరాబాద్ కథ అగ్ని క్షిపణితో మొదలైంది. 1989 మే 22న తొలి ప్రయోగం. ఈ పదార్థంతో చేసిన దాని ఉష్ణకవచానికి ఒక వెసులుబాటు ఉంది: కొద్దిసేపే పని, కొంత కాలిపోయినా ఫర్వాలేదు. ఈ పదార్థం తేలికదనం చూసి నిమ్స్ వైద్యుడొకరు అడిగితే, పోలియో పిల్లలకు కాళ్లకు కట్టే 3 కిలోల కాలిపర్లకు బదులు 300 గ్రాములవి చేయించామని అబ్దుల్ కలాం చెప్పేవారు.

బ్రేకులకు ఆ వెసులుబాటు లేదు. తేజస్ యుద్ధవిమానం కార్బన్ బ్రేకులు కూడా ఇక్కడి పనే. విమానం దిగిన ప్రతిసారీ వేడెక్కే ఈ డిస్కులు ఏళ్ల తరబడి నిలవాలి. నా దృష్టిలో అన్నిటికన్నా మోసకారి మధ్యస్థపు వేడి. మరీ ఎక్కువ వేడిలో ఆక్సిజన్ పైపైనే ఖర్చయిపోతుంది. మధ్యస్థపు వేడిలో మాత్రం సన్నని రంధ్రాల్లోంచి లోతుకు దిగి, పీచూ కార్బన్ కలిసే అతుకును ముందు తినేస్తుంది. పైకి డిస్కు బాగానే ఉంటుంది. బరువు కొద్ది శాతం తగ్గేసరికే బలం చాలావరకు పోతుంది.

దీనికి పొటాషియం తోడైతే ఇంకా త్వరగా కాలుతుంది. చలి దేశాల రన్‌వేల మీద మంచు కరిగించడానికి చల్లే లవణాల్లో ఉండేది అదే. శంషాబాద్‌లో మంచు పడకపోయినా, అక్కడినుంచి వచ్చే విమానాల చక్రాలకు ఆ తడి అంటుకునే ఉంటుంది. అందుకే డిస్కుల అంచులకు ఫాస్ఫేట్ పూత వేస్తారు. చక్రం విప్పినప్పుడు మెకానిక్ ఆ అంచులనూ చూస్తాడు, మెత్తబడి పొడి రాలుతోందేమోనని.