ఆ ఎరుపు నిజమేనా?

చిరంజీవులకు ఆశీస్సులు.

ఈ శని, ఆదివారాల్లో ఆకాశాన్ని ఫొటోలు తీయడం నేర్పే వర్క్‌షాప్‌కి వెళ్తున్నారని తెలిసి సంతోషించాను. "తాతయ్యా, నెబ్యులా ఫొటోల్లో ఆ ఎరుపు నిజమేనా, కంప్యూటర్లో వేసిందా?" అని చిన్నవాడు అడిగాడు కదా. అది ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

నెబ్యులా అంటే అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘం. అక్కడ టెలిస్కోప్‌లోంచి దాన్ని చూసినప్పుడు బూడిదరంగు మసకే కనిపిస్తుంది. 'ఇంతేనా!' అనుకోకండి. తక్కువ వెలుతురులో మన కంట్లో పనిచేసేవి రాడ్ కణాలు, వాటికి రంగులు తెలియవు. నెబ్యులాలోని హైడ్రోజన్ 656 నానోమీటర్ల దగ్గర ఎర్రటి కాంతిని వెదజల్లుతూనే ఉంటుంది, దాన్ని పట్టుకునే శక్తి మన కంటికి లేదు. తమాషా ఏమిటంటే, మామూలు కెమెరాలు కూడా ఆ ఎరుపులో చాలా భాగాన్ని వదిలేస్తాయి. మనుషుల ఒంటిరంగు సహజంగా రావడానికి కెమెరాలో కాంతిని పట్టే సెన్సర్ ముందు పెట్టిన ఫిల్టర్ దాన్ని అడ్డుకుంటుంది. అందుకే కొందరు ఔత్సాహికులు ఆ ఫిల్టర్‌నే తీయించేస్తారు.

అంటే ఎరుపు నిజమే. ఇక మిగిలింది దాన్ని పోగుచెయ్యడం.

భూమి గంటకి 15 డిగ్రీల చొప్పున తిరుగుతుంది కాబట్టి, కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి ఎక్కువసేపు షటర్ తెరిచి ఉంచితే నక్షత్రాలు గీతలవుతాయి. 500ని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద మిల్లీమీటర్లలో రాసి ఉండే అంకె) భాగిస్తే ఎన్ని సెకన్లు తెరవచ్చో వస్తుందని చెబుతారు. 20 మిల్లీమీటర్ల లెన్స్‌కి 25 సెకన్లన్నమాట. ఇప్పటి సెన్సర్లతో దగ్గరగా చూస్తే అది కూడా ఎక్కువే, 15 దగ్గర మొదలుపెట్టండి. ఇంకా ఎక్కువసేపు కావాలంటే ఆకాశంతోపాటు కెమెరాని తిప్పే ట్రాకర్ ఉండాలి. దాని ఇరుసుని ఆకాశ ధ్రువం వైపు, అంటే నక్షత్రాలన్నీ ఏ బిందువు చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తాయో అటువైపు, సరిగ్గా గురిపెట్టాలి. ధ్రువ నక్షత్రం అసలు ధ్రువానికి దాదాపు 0.6 డిగ్రీలు పక్కనే ఉంటుంది, అందుకని నక్షత్రాన్ని చూసి ఆపేస్తే చాలదు. ఈ పని విసుగ్గానే ఉంటుంది. అయినా దగ్గరుండి చూడండి, తర్వాత వచ్చే చిక్కుల్లో సగం ఇక్కడే పుడతాయి.

నాకు బాగా నచ్చేది ఆ తర్వాతి పని. ఒకే చోటుని పదులకొద్దీ, వందలకొద్దీ ఫొటోలు తీసి, కంప్యూటర్లో ఒకదానిపై ఒకటి పేర్చి కలుపుతారు. దీన్ని స్టాకింగ్ అంటారు. 100 ఫ్రేములు, అంటే విడి ఫొటోలు, కలిపితే నెబ్యులా కాంతి 100 రెట్లు పోగవుతుంది. సెన్సర్‌లోని గింజగింజల నాయిస్ మాత్రం ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంది కాబట్టి 10 రెట్లే పెరుగుతుంది. అంటే బొమ్మ 10 రెట్లు శుభ్రపడినట్టే. 4 ఫ్రేములతో అయితే 2 రెట్లే. అందుకే ఓపిక ఉన్నవాడి ఫొటో ఖరీదైన కెమెరా ఉన్నవాడి ఫొటో కన్నా బాగుండటం ఎన్నోసార్లు చూస్తాం.

మరో వింత పని కూడా చేయిస్తారు. లెన్స్‌కి మూత పెట్టి, అదే ఎక్స్‌పోజర్‌తో (షటర్ తెరిచి ఉంచే సమయం), అదే ఐ.ఎస్.ఓ.తో (కాంతిని ఎంత పెంచి చూపించాలో చెప్పే కెమెరా అమరిక), సెన్సర్ అంతే వేడిగా ఉండగా చీకటినే ఫొటో తీయమంటారు. నవ్వకండి. వెలుగు లేకపోయినా సెన్సర్ తనంతట తాను చూపించే చుక్కలు అందులో దొరుకుతాయి, వాటిని అసలు ఫొటోలోంచి తీసేస్తారు. ఈ చీకటి ఫొటోలే డార్క్ ఫ్రేములు. దుమ్ము మరకలకీ, అంచుల దగ్గరి నలుపుకీ ఫ్లాట్ ఫ్రేములని వేరే ఉంటాయి.

ఇక చిన్నవాడి అనుమానంలో మిగిలిన సగం. పోగైన కాంతి చాలా మసగ్గా ఉంటుంది కాబట్టి సాఫ్ట్‌వేర్‌తో పైకి లాగి చూపిస్తారు. ఉన్నదాన్ని పెంచడం నా దృష్టిలో తప్పు కాదు, లేనిది అతికిస్తేనే తప్పు. అయితే హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ తీసిన నెబ్యులా ఫొటోల్లో చాలావాటికి వేరే పద్ధతి ఉంది. గంధకం, హైడ్రోజన్, ఆక్సిజన్ ఇచ్చే కాంతిని వేర్వేరు ఫిల్టర్లతో పట్టి, వరసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలంగా చూపిస్తారు. నిజానికి గంధకం, హైడ్రోజన్ రెండూ ఎరుపే! ఏ వాయువు ఎక్కడుందో తెలియాలని అలా విడగొడతారు. కాబట్టి ఏ ఫొటో చూపించినా 'ఇది ఏ పద్ధతిలో చేశారండీ?' అని అడగండి.

కన్ను చూడలేనిది ఫొటో చూపిస్తుందన్న సంగతి పాతదే. 1880లో అమెరికా ఖగోళ పరిశీలకుడు హెన్రీ డ్రేపర్ ఓరియన్ నెబ్యులాని దాదాపు 50 నిమిషాల ఎక్స్‌పోజర్‌తో తీశాడు. 1883లో ఇంగ్లండ్‌కి చెందిన ఆండ్రూ కామన్ తీసిన దాంట్లోనైతే టెలిస్కోప్‌లో కంటికి అందని నక్షత్రాలు కూడా పడ్డాయి.

తీసుకెళ్లాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఎర్ర లైటు టార్చి, అదనపు బ్యాటరీ, చలికి స్వెటర్ చాలు. కళ్లు చీకటికి అలవాటుపడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి ఫోన్ వెలిగిస్తే మళ్లీ మొదటికొస్తుంది. పక్కవాళ్లకి కూడా చెడగొట్టినట్టవుతుంది. ఫోకస్‌కి లెన్స్ మీది అనంతం గుర్తుని నమ్మకండి, వెలుగైన నక్షత్రాన్ని స్క్రీన్ మీద పెద్దది చేసి అది చిన్న చుక్క అయ్యేదాకా తిప్పండి.

మబ్బు పడితే టెన్షన్ పడొద్దు, పాత ఫ్రేములతో స్టాకింగ్ నేర్పుతారేమో అడగండి. వచ్చాక మీ ఒక్క ఫ్రేమునీ, స్టాక్ చేసిన ఫొటోనీ రెండూ పంపండి. రెండోది ఒక్కటే పంపితే నేను ఒప్పుకోను.

మీ
తాతయ్య