పుండు మానినా ఆగని లాగుడు

లోతుగా కాలిన పుండు పైకి మూసుకున్న రోజున ఇంట్లోవాళ్లు "హమ్మయ్య, గండం గడిచింది" అనుకుంటారు. చర్మం లోపల మాత్రం పని ఇంకా నడుస్తూనే ఉంటుంది. చర్మానికి బలమిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు అడ్డదిడ్డంగా పేరుకుంటాయి. పుండు అంచుల్ని దగ్గరికి చేర్చడానికి వచ్చిన కణాలు, ఆ పని అయిపోయాక కూడా లాగుతూనే ఉంటాయి. ఎర్రగా, గట్టిగా ఉబ్బిన మచ్చ మెత్తబడడానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది.

ఈ లాగుడే అసలు చిక్కు. మోచేయి మడత దగ్గర కాలితే చేయి ముడుచుకున్నప్పుడే నొప్పి తక్కువ. అందుకే ఎవరైనా అలాగే పడుకుంటారు, మచ్చ కూడా అలాగే బిగుసుకుంటుంది. హాయిగా అనిపించిన భంగిమే వంకరగా మిగిలిపోతుంది. మెడ ముందువైపు కాలినవాళ్లకు తలకింద దిండు పెట్టనివ్వరు. పెడితే గడ్డం కిందికి వంగి, మెడ అలాగే పట్టేస్తుంది. మచ్చ ఉబ్బకుండా అదిమిపెట్టడానికి, ఒంటికి బిగుతుగా పట్టే ప్రెషర్ బట్టలు రోజుకు 23 గంటలు వేసుకోమంటారు. స్నానానికీ మచ్చకు క్రీము రాసుకోవడానికీ మిగిలేది ఆ ఒక్క గంటే. పిల్లలకైతే ఇంకో తిప్పలు: ఎముక పెరుగుతుంది, మచ్చ దానితో సమానంగా సాగదు. అందుకే ఎదిగేకొద్దీ మళ్లీ ఆపరేషన్లు అవసరమవుతుంటాయి.

నొప్పిని అందరూ ఊహిస్తారు, దురదను ఊహించరు. రాత్రిళ్లు తల ప్రాణం తోకకొస్తుంది. గోకితే ఆ పలచని చర్మం చిట్లుతుంది. ఒంట్లో వేరేచోటి నుంచి తీసి కాలినచోట అతికించిన చర్మానికి చెమట సరిగా పట్టదు కాబట్టి, ఒళ్లు ఎక్కువగా కాలినవాళ్లు ఎండకు తట్టుకోలేరు. ఒళ్లు బాగా కాలినప్పుడు మొదలయ్యే కండ కరగడం కూడా పుండుతో పాటు ఆగదు, నెలల తరబడి సాగుతుంది.

మనసు సంగతి మరీ విచిత్రం. పెద్ద మచ్చకు పెద్ద బాధ, చిన్న మచ్చకు చిన్న బాధ అనే లెక్క ఇక్కడ పనిచేయదు. చొక్కా కింద దాగిపోయే మచ్చ ఉన్న మనిషి కూడా పొయ్యి అంటించిన చప్పుడుకు ఉలిక్కిపడవచ్చు, పీడకలలతో నిద్రలేకుండా గడపవచ్చు. మచ్చ ముఖం మీద ఉంటే ఎదుటివాళ్ల చూపులు అదనం.

ఆ చూపుల సంగతి రెండో ప్రపంచయుద్ధ కాలంలోనే ఆర్చిబాల్డ్ మెకిండో అనే సర్జన్ పట్టించుకున్నారు. ఇంగ్లండ్‌లోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో, కాలిపోయిన వైమానికుల ముఖాలను ఆయన ఆపరేషన్ల మీద ఆపరేషన్లు చేసి తిరిగి నిలబెట్టేవారు. అంతటితో ఊరుకోక, వాళ్లను మామూలు మనుషుల్లా చూడమని ఊరివాళ్లనూ ఒప్పించారు. ఆ ఊరికి 'తేరిపార చూడని ఊరు' అనే పేరు నిలిచింది. ఆ పేషెంట్లు 1941లో, ప్రయోగాలకు వాడే గినీ పిగ్ అనే జంతువు పేరుతో 'గినీ పిగ్ క్లబ్' పెట్టుకున్నారు. కోశాధికారిగా కాళ్లు కాలినతన్ని ఎన్నుకున్నారు, డబ్బుతో పారిపోలేడని. కార్యదర్శిగా వేళ్లు కాలినతన్ని పెట్టుకున్నారు, సమావేశాల మినిట్స్ ఎక్కువ రాయలేడని.