రజాకార్ల కాలంలో ఊరు విడిచిన పిల్లలు: జ్ఞాపకాల రికార్డింగులో అపోహలు - వాస్తవాలు

1948లో ఆరేడేళ్ల పిల్లలు ఇప్పుడు ఎనభై దాటినవాళ్లు. "రజాకార్ల లొల్లిల ఊరిడిచి పోయినం" అనే మాట జనగామ, పరకాల వైపు ఇళ్లలో ఇంకా వినిపిస్తుంది. రజాకార్లంటే నిజాం పక్షాన ఊళ్ల మీద పడ్డ సాయుధ దళం. దాన్ని రికార్డు చేయబోయే మనవలు, మనవరాళ్ల కోసం ఇది.

అపోహ: తేదీ చెప్పలేకపోతే ఆ జ్ఞాపకం పనికిరాదు.

వాస్తవం: ఆ పిల్లలకు తేదీలెక్కడివి? సర్కారు కాగితంలో ఫసలీ (నిజాం సర్కారు లెక్కల సంవత్సరం), ఇంట్లో సర్వధారి (తెలుగు సంవత్సరం పేరు). "ఏ సంవత్సరం?" అంటే "ఏమెరుక బిడ్డా" అనే వస్తుంది. పండుగ అడగండి. 1948లో వినాయక చవితి సెప్టెంబర్ మొదట్లో వచ్చింది. భారత సైన్యం 13న ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు, బతుకమ్మ అక్టోబర్‌లో. "బతుకమ్మ మనూర్లె ఆడినవా, అవుతల ఆడినవా?" అన్న ఒక్క ప్రశ్నతో తిరిగొచ్చిన కాలం చాలావరకు తేలుతుంది. కాగితం దొరికితే ఫసలీకి 590 కలపండి: 1357 అంటే 1947 అక్టోబర్‌తో మొదలైన ఏడాది. అప్పట్లో జనగామ తాలూకా నల్గొండ జిల్లాలో ఉండేది. వరంగల్ దస్త్రాల్లో వెతికి, లేదనుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ.

అపోహ: అవ్వ తప్పు చెబితే అక్కడికక్కడే సరిదిద్దాలి.

వాస్తవం: మా అంచనాలో ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఒకసారి "కాదవ్వా, అట్ల కాదు" అన్నారంటే, ఆ తర్వాత ఆమె మీకు నచ్చేదే చెబుతుంది. చూసింది, విన్నది కలిసిపోవడం మామూలే. బైరాన్‌పల్లిలో రజాకార్ల కాల్పుల (1948 ఆగస్టు 27) సంగతి ఏళ్ల తరబడి చెప్పుకున్నదే కాబట్టి, ఊరివాళ్లు ఎదురు నిలిచిన బురుజు గురించి చెప్పేవాళ్లంతా చూసినవాళ్లు కారు. "అప్పుడు నువ్వు ఏడున్నవ్? నీ పక్కకు ఎవలున్నరు?" అని అడగండి. చూసినవాళ్ల జవాబులో గుమ్మి (ధాన్యం పోసే గాదె) వెనక చీకటి, చంటిదాని నోరు మూసిన చెయ్యి, సద్దిమూటలో పులిసిన గట్క (జొన్న, మక్క రవ్వతో వండేది) వస్తాయి. విన్నవాళ్లకు అంకెలు, నాయకుల పేర్లు ముందొస్తాయి. ఇది ఖాయమైన సూత్రం కాదు గానీ, ఆనవాలుగా బాగానే పనిచేస్తుంది. అనుమానాలు నోటుబుక్కులో రాసుకోండి, మీ గొంతులో వినిపించనివ్వొద్దు.

అపోహ: ఊరు విడిచినవాళ్లంతా బెజవాడకే పోయారు.

వాస్తవం: మధిర వైపువాళ్లకు కృష్ణా జిల్లా దగ్గర. మహదేవపూర్ వాళ్లు గోదావరి దాటితే సిరోంచ, అది నిజాం ఇలాఖా కాదు. చుట్టాలింట్లోనో, అడవిలోనో తలదాచుకుని సరిహద్దే దాటనివాళ్లూ ఉన్నారు. దాటారో లేదో తేల్చడానికి పైసల సంగతి అడగండి. "మన రూపాయి ఆడ చెల్లలే" అంటే దాటినట్టే: ఇక్కడ హాలీ సిక్కా (నిజాం రూపాయి), అక్కడ కల్దారు (బ్రిటిష్ ఇండియా రూపాయి), ఏడు హాలీలకు దాదాపు ఆరు కల్దార్లు. పోలీసు చర్య (ఆ సెప్టెంబర్ సైనిక చర్యకు పెట్టిన పేరు) తర్వాత పల్లెలు విడిచిన ముస్లిం కుటుంబాల పిల్లలదీ ఇదే కథ. వాళ్ల గడప తొక్కి అడిగేవాళ్లు తక్కువ.

అపోహ: ఫోన్‌లో వీడియో తీస్తే అయిపోతుంది.

వాస్తవం: కెమెరా ముందు చాలామంది బిగుసుకుపోతారు. ఆడియో చాలు. ఫోన్ విమానం మోడ్‌లో పెట్టండి, లేకుంటే ఏ కాలో వచ్చి రికార్డింగు మధ్యలో ఆగిపోతుంది. మడిచిన తువాల మీద, నోటికి జానెడు దూరంలో ఉంచి, ఫ్యాన్ బంద్ చేయండి. మొదట పేరు, ఊరు, తేదీ మీరే చెప్పండి. నలభై నిమిషాలు దాటనివ్వొద్దు. ఆ రాత్రే రెండు చోట్ల కాపీ చేసుకోండి. "ఇగ సాలు" అన్నాక చాయ్ తాగుతూ ఇంకో ముక్క బయటికొస్తుంది. మళ్లీ ఆన్ చేసే ముందు ఆమెను అడగండి.