కొంచెం చెవుడున్న కార్ట్రిడ్జ్

రికార్డు మీద నడిచే సూదినీ, దాని కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే చిన్న డబ్బానీ కలిపి కార్ట్రిడ్జ్ అంటారు. రెండు స్పీకర్లకీ ఒకే శబ్దం వెళ్తే మోనో, కుడికీ ఎడమకీ వేర్వేరుగా వెళ్తే స్టీరియో. మోనో రికార్డుని స్టీరియో కార్ట్రిడ్జ్‌తో వాయిస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. రికార్డు పాడవదు, పాట బాగానే వినిపిస్తుంది. కాకపోతే పాటతో పాటు వినిపించకూడనివి కూడా కొన్ని వినిపిస్తాయి, గొడవంతా అక్కడే.

రికార్డు గాడిని అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లిష్ 'వి' అక్షరంలా ఉంటుంది, రెండు గోడలూ చెరో 45 డిగ్రీల వాలులో. మోనో రికార్డులో ఆ రెండు గోడలూ కలిసి ఒకే వైపుకి జరుగుతాయి, అంటే గాడి పాములా కుడికీ ఎడమకీ మెలికలు తిరుగుతుంది తప్ప లోతు మారదు. స్టీరియోలో గోడకో ఛానెల్: రికార్డు మధ్యకి దగ్గరగా ఉన్న గోడ ఎడమ, బయటిది కుడి. ఇంగ్లండ్ ఇంజనీరు అలన్ బ్లమ్లైన్ 1931లోనే పేటెంట్‌లో రాసిపెట్టిన ఆలోచన ఇది, మార్కెట్లోకి రావడానికి మాత్రం 1950ల చివరిదాకా పట్టింది. ఇందులో అసలు తెలివి ఏమిటంటే, రెండు ఛానెళ్లలోనూ ఒకటే శబ్దం ఉంటే సూది పక్కలకి కదులుతుంది, రెండింటికీ మధ్య తేడా ఉంటే ఆ తేడా మేరకు పైకీ కిందకీ కదులుతుంది. అందుకే పాత మోనో రికార్డులు కొత్త సూది కింద కూడా పలికాయి.

దీన్నిబట్టి మోనో రికార్డు మీద సూది పైకీ కిందకీ కదిలిందంటే అది సంగీతం కాదు. గాడి అడుగున పేరుకున్న దుమ్ము, వంగిన రికార్డు, టర్న్‌టేబుల్ బేరింగు గురగుర, అన్నీ ఆ కదలికలోకే ఎక్కువగా చేరతాయి. ఇంకోటి కూడా ఉంది, నాకు ఇది భలే సరదాగా అనిపిస్తుంది. రికార్డుని కోసే పనిముట్టు ఉలిలా చదునుగా ఉంటుంది, వాయించే సూది మొన గుండ్రం. గాడి ఏటవాలుగా వెళ్లే చోట దాని వెడల్పు కుంచించుకుపోతుంది, గుండ్రటి మొన అక్కడ ఇమడక కాస్త పైకి లేస్తుంది. ప్రతి తరంగానికీ ఇలా రెండుసార్లు జరుగుతుంది కాబట్టి అసలు స్వరానికి రెట్టింపు పౌనఃపున్యంలో ఒక దొంగ స్వరం పుడుతుంది! స్టీరియో కార్ట్రిడ్జ్ దాన్ని కూడా నిజాయితీగా స్పీకర్లకి పంపిస్తుంది.

మోనో కార్ట్రిడ్జ్ పక్క కదలికనే వింటుంది, పైకీ కిందకీ జరిగేదానికి చెవుడు. దాని గొప్పంతా ఆ చెవుడే.

ఇదే పని చాలావరకు పైసా ఖర్చు లేకుండా కూడా అవుతుంది. మీ ఆంప్లిఫయర్‌కి మోనో బటన్ ఉంటే నొక్కండి. రెండు ఛానెళ్లూ కలిసినప్పుడు ఒకేలా ఉన్న సంగీతం రెట్టింపవుతుంది, దేనికదిగా ఉన్న బరబర మాత్రం అంతగా పెరగదు, లెక్కప్రకారం 3 డెసిబెళ్ల లాభం. పైకీ కిందకీ కదలిక వల్ల వచ్చిన రెండు సిగ్నళ్లూ ఒకదానికొకటి ఎదురు కాబట్టి కొట్టుకుపోతాయి, అదీ రెండూ సరిసమానంగా ఉంటేనే. ఛానెళ్ల మధ్య 1 డెసిబెల్ తేడా ఉన్నా (చాలా కార్ట్రిడ్జుల్లో ఆ మాత్రం ఉంటుంది) ఆ చెత్తలో సుమారు పదిహేడో వంతు మిగిలిపోతుంది. నా మటుకు నాకు అదేం పెద్ద బాధ కాదు.

మోనో అని రాసి అమ్మేవన్నీ ఒకే రకం కాదు. కొన్ని లోపల స్టీరియోవే, రెండు ఛానెళ్ల తీగలని లోపలే కలిపేసి ఇస్తారు, అంటే మీరు బటన్‌తో చేసే పనే. ఇంకొన్నిట్లో సూది కదలికని సిగ్నల్‌గా మార్చే తీగచుట్టే (కాయిలే) పక్క కదలికకి మాత్రమే స్పందించేలా అమర్చి ఉంటుంది. వీటిలో పాతకాలం నాటివాటితో జాగ్రత్త: సూదికి పైకీ కిందకీ వంగే గుణమే ఉండదు కొన్నిటికి, వాటిని స్టీరియో రికార్డు మీద పెడితే ఆ గాడిని చెక్కేస్తాయి, పోయిన గాడి మళ్లీ రాదు.

నిజానికి కాయిల్ కన్నా సూది మొన సైజే ఎక్కువ తేడా తెస్తుందని నా అభిప్రాయం. 1948లో వచ్చిన తొలి ఎల్పీలకి (నిమిషానికి 33 చిల్లర చుట్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డులకి) సుమారు 25 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) వ్యాసార్ధం ఉన్న సూది వాడేవారు, స్టీరియో వచ్చాక అది 18కి తగ్గింది. వి ఆకారపు గాడిలో పెద్ద మొన అడుగు నుంచి 18 మైక్రాన్ల ఎత్తులో గోడలని తాకితే, చిన్నది 13 దగ్గరే తాకుతుంది, ఆ మురికికి అంత దగ్గరగా అన్నమాట. పైగా చిన్న మొన వెడల్పాటి పాత గాడిలో అడుగుకి కూడా తగలొచ్చు. అదే ఒక్కోసారి మేలు కూడా చేస్తుంది, పాత బరువైన సూదులు అరగదీసిన చోటు వదిలేసి గోడలో చెక్కుచెదరని చోట నడుస్తుంది. ఏది నప్పుతుందో ఆ రికార్డు పెట్టి వినాల్సిందే. 78 ఆర్పీఎమ్ (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డుల సంగతి వేరే, వాటికి 75 మైక్రాన్ల దరిదాపుల్లో ఉండే సూది కావాలి, మోనో ఎల్పీ సూది పనికిరాదు.

ఇంతకీ కొనాలా వద్దా అంటే, మీ దగ్గరున్నవి ఎప్పుడు అచ్చయ్యాయో చూడండి. ఈమధ్య మళ్లీ విడుదల చేస్తున్న మోనో రికార్డులని చాలావరకు స్టీరియో యంత్రాలతోనే కోస్తున్నారు, వాటికి మామూలు సూదీ బటనూ చాలు. 1950ల నాటివి ఒక అర డజనే ఉన్నా బటన్‌తో సరిపెట్టుకోవచ్చు, కార్ట్రిడ్జ్ మార్చిన ప్రతిసారీ బరువూ కోణమూ మళ్లీ సరిచూసుకునే టెన్షన్ ఉండదు. అలాంటివి అరలకొద్దీ ఉంటేనే అసలైన మోనో కార్ట్రిడ్జ్, దాన్ని పెట్టుకోవడానికి విడిగా ఒక హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్‌ని బిగించే, ఊడదీసి మార్చుకోగల చిన్న తొడుగు).

చివరగా ఒక చిత్రమైన రకం. 1960ల్లో మోనో రికార్డింగులనే తీసుకుని, ఒక ఛానెల్‌ని కాస్త ఆలస్యం చేసి, బేస్ ఒకవైపూ ట్రెబుల్ ఇంకోవైపూ తోసి స్టీరియో అని అమ్మారు. వీటిని మోనోగా కలిపితే ఆలస్యం వల్ల కొన్ని స్వరాలు కొట్టుకుపోయి గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. దానికి ఏ కార్ట్రిడ్జూ ఏమీ చేయలేదు, అదే పాట ఉన్న అసలు మోనో ముద్రణ వెతుక్కోవడమే.