బలపం పట్టిన వేళ్లు, కత్తి పట్టిన వేళ్లు

పిల్లలూ,

కత్తిసాము నేర్పే ఫెన్సింగ్ క్లాసులో చేరి నెల కూడా కాలేదు, అప్పుడే ఏ గ్రిప్ (కత్తి పిడి) కొనాలని ఫోన్లోనే పోట్లాడుకున్నారు. ఒకరికి పిస్టల్ గ్రిప్ కావాలట. ఇంకొకరు పిడికి టేపు చుట్టేస్తారట. చిన్నది మాత్రం "తాతయ్యా, చెయ్యి లాగేస్తోంది" అంది. ముందు ఆ నొప్పి సంగతి చూద్దాం. మీ ఇద్దరి ప్రశ్నలకూ జవాబు అందులోనే ఉంది.

నేను అమెరికాలో చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ జిమ్‌లో ఒక పెద్దాయన ఫాయిల్ నేర్పేవారు, అంటే మొనతో పొడిచే సన్నటి కత్తి. మొదటిరోజు కత్తి చేతికివ్వగానే పిడికిలి బిగించి, కొబ్బరిబోండాలు కొట్టేవాడిలా నిలబడ్డాను. ఆయన ఏమీ అనలేదు. తన కత్తితో నా బ్లేడు మీద టక్కున ఒక్కటి వేశారు. అది భుజం దాకా జిల్లుమంది. పావుగంటలో నా ముంజేయి రాయిలా అయిపోయింది. రాత్రి అన్నం కలుపుకోవడానికి వేళ్లు ముడుచుకోలేదు.

నిబంధనల ప్రకారం ఫాయిల్ బరువు 500 గ్రాములు దాటకూడదు. అరకిలో కూడా లేనిదాన్ని మోయడానికి అంత బిగింపు ఎందుకు? ఎవరో లాక్కుపోతారన్న భయం, అంతే.

ఫ్రెంచి గ్రిప్ అంటే కొంచెం వంపు తిరిగిన పొడవాటి పిడి. ముందు గిన్నెలాంటి గార్డు, వెనక చివర పొమెల్ అనే లోహపు గుండు. ఆ గుండు అలంకారం కాదు. ముందున్న బ్లేడు బరువుకు వెనక నుంచి తూకం అది. బొటనవేలు పిడి పైన, కాస్త వంగి ఉండాలి. చూపుడువేలు మధ్య కణుపు దగ్గర కింద నుంచి ఆనాలి. కత్తిని పట్టుకునేది ఆ రెండు వేళ్లే. మిగతా మూడూ పిడికి ఆనుకుని ఉంటాయి, అవసరమైనప్పుడు నొక్కుతాయి, వెంటనే వదులుతాయి.

ఆ నొక్కులోనే ఉంది కిటుకంతా. పొమెల్ అర అంగుళం జరిగితే చాలు, 90 సెంటీమీటర్ల బ్లేడు చివర మొన బెత్తెడు జరుగుతుంది. అందుకు భుజం అక్కర్లేదు, మోచెయ్యీ అక్కర్లేదు. ఈ వేళ్ల పనితనాన్ని ఫ్రెంచివాళ్లు ద్వాతే అంటారు. ఎదుటివాడి బ్లేడు మీ బ్లేడుకు తగిలినప్పుడు వాడు గట్టిగా నెడుతున్నాడా, వదిలేయబోతున్నాడా అన్నది ఆ వేళ్లకే ముందు తెలుస్తుంది, కంటికి తర్వాత. పిడికిలి బిగిస్తే ఆ కబురు అందదు.

చిన్నప్పుడు నన్ను పలక ముందు కూర్చోబెట్టినప్పుడు బలపం గట్టిగా నొక్కి మూడు ముక్కలు చేశాను. వదులుగా పడితే గీతే పడలేదు. ఆ రెంటికీ మధ్య ఎక్కడో చెయ్యి తనంతట తానే కుదురుకుంది, ఎవరూ కొలత చెప్పలేదు. ఇదీ అంతే.

మా గురువుగారు మొనతో గోడవైపు ఇంగ్లీషు అక్షరాలు రాయమనేవారు. ఆ విషయంలో మన అక్షరాలే నయం! గోడకు అడుగు దూరంలో మొన ఉంచి, మణికట్టు కదపకుండా, వేళ్లతోనే గాల్లో నిమ్మకాయంత 'ఠ' రాయండి. చుట్టు తిప్పడం వచ్చేస్తుంది. నడిమధ్యన చుక్క పెట్టాలి చూశారా, అక్కడ బయటపడుతుంది ఎవరి వేళ్లు బిగుసుకున్నాయో. ఎదుటివాడి బ్లేడు కింద నుంచి మొనను అవతలికి దాటించేటప్పుడు కావలసింది ఇంత చిన్న సున్నాయే. పెద్ద సున్నా చుట్టేలోపు వాడు పొడిచేస్తాడు.

ఇక పట్టుకు సాయం చేసే రకరకాల పిడుల సంగతి. ఇటలీవాళ్లది వేరే పద్ధతి. వాళ్ల పిడికి అడ్డంగా ఒక కమ్మీ ఉంటుంది. బొటనవేలూ చూపుడువేలూ దాన్ని దాటి ముందుకెళ్లి బ్లేడు మొదలును పట్టుకుంటాయి, పొమెల్‌ను పట్టీతో మణికట్టుకు కట్టేస్తారు. నేదో నాది (Nedo Nadi) అనే ఇటలీ ఆటగాడు 1920లో యాంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో 5 బంగారు పతకాలు గెలిచిన రోజుల్లో ఇటలీ అంతా ఆ పిడే. పట్టీ కట్టుకున్నంత మాత్రాన వాళ్లను చేతకానివాళ్లని ఎవరనగలరు? బలం పెరుగుతుంది, వేళ్ల ఆట కొంత తగ్గుతుంది. పిస్టల్ గ్రిప్పూ అంతే. వేళ్లకు తగ్గ బుడిపెలు ఉంటాయి కనుక చెయ్యి ఒక్కచోటే ఉండిపోతుంది. అలాంటి పిడి పట్టినప్పుడు బొటనవేలు చాపితే గార్డుకు 2 సెంటీమీటర్ల లోపే ఉండాలని నిబంధన కూడా ఉంది. అది మోసమేమీ కాదు, ఇవాళ పోటీల్లో ఎక్కువమంది చేతుల్లో అదే. కానీ మొదటి ఏడాది ఫ్రెంచి పిడితో గడిపినవాడికి పిస్టల్ గ్రిప్ ఇచ్చినా వేళ్లు పనిచేస్తాయి. తిరగేస్తే కష్టం, ఇది నా అభిప్రాయం. మీ కోచ్ వేరే చెబితే ఆయన మాటే వినండి. (టోక్యో ఒలింపిక్స్‌లో ఆడిన మన భవానీదేవిది సేబర్. నరుకుడు కూడా ఉండే ఆ కత్తి పట్టు వేరే కథ.)

టేపు చుట్టాలన్నవాడికి నా తెలివి ఒకటి చెబుతాను. చెమటకు పిడి జారుతోందని నేనూ టెన్నిస్ రాకెట్ టేపు మూడు వరసలు చుట్టాను. జారడం ఆగింది. కానీ వారం తిరగకుండా నా పొడుపులన్నీ పక్కకు పోవడం మొదలైంది. ఎందుకో చాలా రోజులు అర్థం కాలేదు. ఫ్రెంచి పిడి గుండ్రంగా ఉండదు, పలకలుగా ఉంటుంది. కత్తి ఏ వైపు తిరిగిందో చూడకుండానే చేతికి చెప్పేవి ఆ పలకలే. నా టేపు వాటిని పూడ్చేసి పిడిని రోకలిలా చేసింది. ఒక్క వరస, పల్చగా చుట్టుకో, ఫర్వాలేదు. అంతకంటే ముందు గ్లవ్ చూసుకో. అరచేతి వైపు తోలు అరిగి నున్నబడితే ఎన్ని వరసలు చుట్టినా జారుతుంది.

చిన్నదానికి: నొప్పి ముంజేతి పైన ఉంటే పట్టు బిగిస్తున్నావన్నమాట. ప్రతి పొడుపు తర్వాతా చివరి మూడు వేళ్లు ఒక్కసారి తెరిచి మూయి. కత్తి కిందపడదు, బొటనవేలూ చూపుడువేలూ ఉన్నాయిగా. కణుపుల దగ్గర నొప్పయితే మాత్రం రెండు రోజులు ఆపేసి కోచ్‌కు చెప్పు.

అన్నట్టు తడిసిన గ్లవ్‌లు మేడ మీద ఎండలో ఆరేయకండి, తోలు అప్పడంలా అవుతుంది. నీడలో, ఫ్యాను కింద.

మీ తాతయ్య