నెలవంక పక్కన శుక్రుడు: సందెవేళ ఫొటోల మీద అపోహలు - వాస్తవాలు

శుక్ల విదియ నాడో తదియ నాడో నెలవంక పక్కన శుక్రుడు వెలిగాడంటే చాలు, మర్నాడు కొత్తగా కెమెరా పట్టినవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: "600 ఎంఎం లెన్స్ కొనాలా అండీ?" అక్కర్లేదు. ఈ ఒక్క అపోహకి పోతున్నంత డబ్బు మరి దేనికీ పోవడం లేదు. ఈఎంఐ పెట్టి మరీ కొంటున్నారు. తీరా కొన్నాక చంద్రుడు పడితే శుక్రుడు పడడు, శుక్రుడు పడితే చంద్రుడు పడడు. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: లెన్స్ ఎంత పెద్దదైతే ఫొటో అంత బాగుంటుంది

చంద్రుణ్ణి ఒక్కణ్ణే గుంతలతో సహా తీయాలంటే పెద్ద లెన్స్ కావాల్సిందే. జంటని తీయాలంటే లెక్క వేరు. అప్పుడు కొలవాల్సింది చంద్రుడి సైజు కాదు, ఇద్దరి మధ్య ఎడం. ఆకాశంలో చంద్రుడి వెడల్పు అర డిగ్రీ. పక్కన గ్రహం రెండు డిగ్రీల దూరంలో ఉండొచ్చు, పది డిగ్రీల దూరంలోనూ ఉండొచ్చు. ఏపీఎస్-సీ సెన్సర్ (చాలా మామూలు కెమెరాల్లో ఉండే చిన్న సెన్సర్) మీద 600 ఎంఎం లెన్స్‌కి పొడవు వైపున పట్టే ఆకాశం 2.2 డిగ్రీలే. 300 ఎంఎంకి 4.5, 200కి 6.7, 135కి 10, 85కి 16, 50కి 26 డిగ్రీలు. ఫుల్ ఫ్రేమ్ (అంతకంటే పెద్ద సెన్సర్) అయితే వీటికి ఒకటిన్నర రెట్లు వేసుకోండి. అంటే కిట్‌తో వచ్చే 55-250 లెన్సే చాలా సాయంత్రాలకు సరిపోతుంది.

మరి 200లో చంద్రుడు చుక్కలా కనిపిస్తాడేమో అని బెంగ. కనిపించడు. ఫ్రేము పొట్టి వైపుతో పోలిస్తే తొమ్మిదో వంతు ఉంటాడు. 24 మెగాపిక్సెల్ ఫొటోలో అది 450 పిక్సెళ్లకు పైనే. నెలవంక కొనలు, లోపలి మసక వెలుగు అన్నీ చక్కగా కనిపిస్తాయి.

ఏ లెన్స్ పట్టుకెళ్లాలో తేల్చుకోవడానికి మీ చెయ్యి చాలు. చెయ్యి పూర్తిగా ముందుకు చాపితే చిటికెన వేలి వెడల్పు సుమారు 1 డిగ్రీ, మధ్య మూడు వేళ్లు కలిపితే 5, పిడికిలి 10. ఇద్దరి మధ్య మూడు వేళ్లు పడితే 135 పెట్టండి, పిడికిలి పడితే 85. అంచుల దగ్గర కాస్త ఖాళీ మిగలాలి కదా, అందుకే ఒక మెట్టు తక్కువ. ఇంకో సంగతి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మన దగ్గర చంద్రుడు, గ్రహాలు సాగే దారి పడమట దాదాపు నిటారుగా ఉంటుంది, కాబట్టి తరచుగా ఒకరిపై ఒకరు వస్తారు. కెమెరాని నిలువుగా తిప్పండి. అడ్డంగానే పెట్టి "లెన్స్ చాలలేదు" అనుకునేవాళ్లే ఎక్కువ.

2023 మార్చి 1, 2 తేదీల్లో శుక్రుడు, గురుడు అర డిగ్రీ దగ్గరకు వచ్చారు. 2020 డిసెంబరు 21న గురుడు, శని డిగ్రీలో పదో వంతు ఎడంతో నిలిచారు. పెద్ద లెన్స్ పని అలాంటి రోజుల్లోనే. వాటికోసం కొనకండి, ఒక్కరోజుకి అద్దెకు తెచ్చుకోండి.

అపోహ: చీకటి పడ్డాక ఐఎస్ఓ పెంచి తీయాలి

నెలవంక అంటే ఎండ పడుతున్న రాయి. దానికి ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ చూపే చురుకు) 3200 పెడితే తెల్లటి మచ్చ వస్తుంది. ఆకాశం నీలం, నెలవంక వెలుగు ఒకదానికొకటి సరితూగే సమయం మనకి సూర్యాస్తమయం తర్వాత 20 నుంచి 40 నిమిషాలే. గంట ఆగమని యూరప్ వాళ్ల వీడియోల్లో చెబుతారు. అక్కడ సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు, ఇక్కడ నిలువుగా దిగిపోతాడు. విశాఖలో గంట ఆగితే నల్లటి ఆకాశమే మిగులుతుంది. డిసెంబరు మొదట్లో అస్తమయం 5:20 ప్రాంతంలో, జూలై మొదట్లో 6:35 ప్రాంతంలో. దాన్నిబట్టి బయల్దేరండి.

ఐఎస్ఓ 400, ఎఫ్ 5.6 (లెన్స్ కన్ను ఎంత తెరుచుకుందో చెప్పే అంకె) దగ్గర ఉంచి షట్టర్ ఒక్కటే మార్చండి: 1/60, 1/15, 1/4, 1 సెకను. మొదటిదాంట్లో నెలవంక వివరంగా వస్తుంది, చివరిదాంట్లో చంద్రుడి చీకటి భాగం బూడిదరంగులో తేలుతుంది. అది భూమి మీద పడి తిరిగి అక్కడికి చేరిన ఎండ. ఒకే ఫొటోలో రెండూ పూర్తిగా రావు, కెమెరా తప్పేమో అని కంగారుపడకండి. 200 ఎంఎం దగ్గర సెకను దాటకండి. ఆకాశం సెకనుకి 15 ఆర్క్‌సెకన్లు (ఒక్కోటి డిగ్రీలో 3600వ వంతు) కదులుతుంది, మీ కెమెరాలో అది సుమారు నాలుగు పిక్సెళ్లు. శుక్రుడు సాగిన గీతలా వచ్చాడంటే కారణం అదే.

ఫోకస్ రింగుని చివరిదాకా తిప్పి ఇన్ఫినిటీ అనుకోవద్దు. చాలా లెన్సుల్లో అది దాటిపోతుంది. లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) పది రెట్లు పెద్దది చేసి చంద్రుడి అంచు మీద చేత్తో ఫోకస్ చేయండి, ఇక ముట్టుకోకండి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) ఆపేయండి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. ఇసుకలో అయితే ట్రైపాడ్ కాళ్లు గట్టిగా దిగేదాకా నొక్కండి.

అపోహ: విశాఖలో అయితే బీచ్‌కి వెళ్లాలి

మన సముద్రం తూర్పున ఉంది. సందెవేళ నెలవంక, శుక్రుడు పడమటనే ఉంటారు. శుక్రుడు సూర్యుడికి 47 డిగ్రీలు మించి దూరం పోడు, కాబట్టి సాయంత్రం సముద్రం మీద కనిపించే ప్రశ్నే లేదు. అయినా ఆర్కే బీచ్‌లో, రుషికొండలో నీళ్లవైపు ట్రైపాడ్ వేసుకుని వెతికేవాళ్లు ప్రతిసారీ ఉంటారు. వీళ్లంతా వెనక్కి తిరిగితే కనిపించేవి బీచ్ రోడ్డు బిల్డింగులు. చలికాలంలో కైలాసగిరి మీద నగరం వైపు నిలబడండి, సూర్యుడు దిగేది నైరుతి మొగ్గుగానే కాబట్టి కింద లైట్లు కూడా ఫ్రేములోకి వస్తాయి. అదీ కుదరకపోతే పడమర ఖాళీగా ఉన్న మేడ చాలు. బీచ్ మీకు పనికొచ్చేది పౌర్ణమికి. గురుడో కుజుడో సూర్యుడికి ఎదురుగా ఉన్న నెలలో నిండు చంద్రుడితో కలిసి సముద్రం మీంచి లేస్తారు.

అపోహ: నెట్‌లో చెప్పిన తేదీ అన్ని దేశాలకూ ఒకటే

అమెరికా వాళ్ల సాయంత్రం మనకి మర్నాటి పొద్దున. చంద్రుడు గ్రహాల మధ్య గంటకు దాదాపు తన వెడల్పంత జరుగుతాడు. పది, పన్నెండు గంటల్లో ఐదారు డిగ్రీలు. వాళ్లు "ఒక డిగ్రీ దూరం" అన్నది మన సాయంత్రానికి ఆరో ఏడో కావచ్చు. స్టెల్లేరియంలో (ఏ ఊరి ఆకాశాన్నైనా చూపించే యాప్) విశాఖపట్నం పెట్టుకుని, అస్తమయం తర్వాత అరగంటకు ఎలా ఉంటుందో మీరే చూసుకోండి.

మిగతావి త్వరగా. కుజుడు ఆగస్టు 27న చంద్రుడంత కనిపిస్తాడన్న మెసేజ్ 2003 నాటి వార్త ముక్క. ఏటా తిరుగుతూనే ఉంది, ఎప్పటికీ అబద్ధమే. గ్రహాలన్నీ పూసల్లా వరసగా ఉన్న బొమ్మలు గీసినవి, తీసినవి కావు. చంద్రుడి వెలుగుకి సెన్సర్ కాలదు. సూర్యుడికి మాత్రం కాలుతుంది, కళ్లూ పోతాయి, కాబట్టి సూర్యుడు పూర్తిగా దిగాకే లెన్స్ ఆ వైపు తిప్పండి. వినాయక చవితి చంద్రుణ్ణి కెమెరాలో చూసినా నీలాపనిందలేనా అని అడుగుతుంటారు. మనసులో శంక ఉంటే ఆ ఒక్క సాయంత్రం వదిలేసి పంచమి నాడు తీయండి, చంద్రుడు ఇంకాస్త ఎత్తులో సులువుగా దొరుకుతాడు. ఫోన్‌తోనూ తీయొచ్చు: నైట్ మోడ్ ఆపి, ప్రో మోడ్‌లో 3ఎక్స్ దగ్గర, ఫోన్‌ని దేనికైనా ఆనించి.

ఏసీ గదిలోంచో కారులోంచో సముద్రం గాలిలోకి తెచ్చిన లెన్స్ మీద ఆవిరి పడుతుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. బ్యాగ్ జిప్ తీయకుండా అరగంట బయటే ఉంచండి. తిరిగి వెళ్లాక ముందు గాలి బల్బుతో ఇసుక ఊది, తర్వాతే తడిబట్టతో బయటి ఉప్పు తుడవండి.