కూలిన శిక్షణ విమానం దగ్గర ఏమి వెతుకుతారు?

విద్యార్థి పైలట్ ఒంటరిగా ఎగురుతూ కూలిపోయి మరణిస్తే, దర్యాప్తు బృందం అక్కడికి చేరకముందే తీర్పు వచ్చేస్తుంది: అనుభవం చాలలేదని. అనుభవం చాలదని ముందే తెలుసు, అందుకే ఆ వ్యక్తి విద్యార్థి. తేలవలసింది ఆ చివరి నిమిషాల్లో విమానానికి ఏమి జరిగింది, దాన్ని ఎదుర్కోవడం ఆ విద్యార్థికి ఎవరైనా నేర్పారా అన్నది.

చిన్న శిక్షణ విమానాల్లో సాధారణంగా బ్లాక్ బాక్స్ ఉండదు. అందుకని లోహాన్నీ నేలనూ చదవాలి. ముక్కు, తోక, రెండు రెక్కల కొసలు ఒకే చోట దొరికితే విమానం గాలిలో విడిపోలేదని భావిస్తారు. విమానాన్ని అదుపు చేసే ఉక్కు తీగలను ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతికి చూస్తారు. తెగిన చోట పోగులు చీపురు పుల్లల్లా విడివడి ఉంటే అది కూలినప్పటి లాగుడుకు తెగిందని, అంతవరకూ పనిచేస్తూనే ఉందని తెలుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ చెప్పేది ప్రొపెల్లర్. ఇంజను బలంగా తిప్పుతుండగా నేలను తాకితే దాని రెక్కలు మెలితిరుగుతాయి, వెడల్పు వెంబడి గీతలు పడతాయి. బలం లేనప్పుడు తాకితే చాలాసార్లు ఒక రెక్క వెనక్కి వంగుతుంది, అంతే. నేల మీద వరుసగా గాట్లు దొరికితే వేగాన్నే లెక్కకట్టవచ్చు. నిమిషానికి 2,400 చుట్లు తిరిగే రెండు రెక్కల ప్రొపెల్లర్ సెకనుకు 80 గాట్లు పెడుతుంది. గాట్ల మధ్య దూరం అర మీటరైతే విమానం వేగం సెకనుకు 40 మీటర్లు, అంటే గంటకు 144 కిలోమీటర్లు. మట్టిలోని గాట్లు ఇంత కచ్చితంగా సాక్ష్యం చెప్పడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

కానీ కొన్ని ఆధారాలు ఎవరూ చూడకముందే మాయమవుతాయి. ట్యాంకులో ఇంధనం ఉంది, విప్పి చూస్తే ఇంజనులో లోపం లేదు, అయినా ప్రొపెల్లర్ మీద శక్తి జాడలు లేవనుకుందాం. అప్పుడు ఆ సమయపు ఉష్ణోగ్రత, తేమ వివరాలు తెప్పిస్తారు. ఇంజనుకు వెళ్లే గాలిలో ఇంధనాన్ని కలిపే భాగం కార్బురేటర్. దాని ఇరుకు గొంతులో ఒత్తిడి తగ్గడం వల్ల, ఇంధనం ఆవిరవుతూ వేడిని లాగేసుకోవడం వల్ల అక్కడి గాలి 20 డిగ్రీలకు పైగా చల్లబడగలదు. బయట వెచ్చగా ఉన్నా, తేమ ఎక్కువైతే లోపల మంచు పేరుకుని ఇంజనుకు గాలి అందదు. దిగడానికి ఇంజను వేగం తగ్గించినప్పుడు ఈ ముప్పు మరీ ఎక్కువ. కూలిన తర్వాత ఆ మంచు కరిగిపోతుంది.

దీనికి విరుగుడుగా కాక్‌పిట్‌లో ఒక మీట ఉంటుంది. లాగితే వేడిగాలి కార్బురేటర్‌లోకి వెళ్తుంది. అయితే కరిగిన నీరు ఇంజనులోకి పోవడంతో అది కాసేపు మరింత కుదుపుగా నడుస్తుంది. ముందే చెప్పి ఉంచకపోతే, పరిస్థితి ఇంకా చెడిందని బెదిరి మీటను వెనక్కి నెట్టేయడం సహజం. ఆ పైన రన్‌వే అందుకోవాలని ముక్కు ఎత్తుతూ గట్టిగా మలుపు తిప్పితే, రెక్కల మీద గాలి ప్రవాహం విడిపోయి విమానం కింద పడుతుంది. ఏ వేగం కంటే తగ్గితే ఇలా పడిపోతుందో, ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీలు వాలి తిరిగే విమానానికి ఆ వేగం మామూలు కంటే 41 శాతం ఎక్కువ.

ఇక్కడ ఆగి ‘పైలట్ తప్పిదం’ అని రాసేస్తే దర్యాప్తు సగంలో వదిలేసినట్టే. అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందం 13వ అనుబంధం ప్రకారం దర్యాప్తు ఉద్దేశం ప్రమాదాలను నివారించడమే, నింద మోపడం కాదు. అందుకే శకలాల తర్వాత కాగితాలు తెరవాలి. ఆ మీటను నేల మీద చూపించి సరిపెట్టారా, గాలిలో చేయించారా? ఇంజను కుదుపు గురించి చెప్పారా? శిక్షణ రికార్డులు చూసి, బోధకులను అడిగి, అదే చోట నేర్చుకుంటున్న మిగతా విద్యార్థులను కూడా అడగాలి. ఎందుకంటే అలాంటి విమానాల్లోనే వాళ్లూ ఒంటరిగా ఎగరబోతున్నారు.